తడి ఎక్కడిది? జంతువుల నుంచి వచ్చే వైరస్‌లకు దారి మూయడం ఎలా

1998 చివర్లో మలేసియాలో పందుల్ని పెంచేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు జ్వరం, తలనొప్పితో మంచం పట్టారు. ఆపై మగత, మెదడువాపు, మరణం. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుకున్నారు అధికారులు. అది దోమలు మోసుకొచ్చే జబ్బు కాబట్టి దోమల మందు కొట్టించారు, టీకాలు వేయించారు. చావులు ఆగలేదు. టీకా వేయించుకున్నవాళ్లూ పడిపోయారు. దోమే కారణమైతే అదే ఇంట్లోని పిల్లల్ని కూడా కుట్టాలి కదా? జబ్బు పడుతున్నది మాత్రం ఎక్కువగా పందుల్ని పట్టుకుని, మోసి, మందు పోసే పెద్దవాళ్లే. 1999 మార్చిలో చువా కా బింగ్ అనే వైరాలజిస్టు ఒక రోగి వెన్నునీటి నుంచి అంతకుముందు ఎవరూ చూడని వైరస్‌ను వేరు చేశాక అసలు సంగతి బయటపడింది. ఆ రోగి ఊరి పేరు మీదే దానికి నిఫా అని పేరు పెట్టారు. అది వస్తున్నది దోమల నుంచి కాదు, మైలు దూరం వినిపించేంత గట్టిగా దగ్గుతున్న పందుల తుంపర్ల నుంచి, చీమిడి నుంచి. అంతా సద్దుమణిగేసరికి మలేసియాలో 265 మందికి సోకి 105 మంది చనిపోయారు. పది లక్షలకు పైగా పందుల్ని చంపాల్సి వచ్చింది.

అక్కడ శ్రమలో లోపం లేదు. మూసిన తలుపు వేరు, వైరస్ వస్తున్న తలుపు వేరు. అందుకే ఇక్కడ వైరస్‌ల జాబితా ఇవ్వడం లేదు. ఏ వైరస్ అయినా ఏ దారిలో వస్తుందో కనిపెట్టడం ఎలా, ఆ దారిని మీ చేతులతో మూయడం ఎలా అన్నదే చెబుతాను.

ముందు తడిని గుర్తుపట్టండి

వైరస్‌కు కాళ్లూ రెక్కలూ లేవు. జంతువు ఒంట్లోంచి వచ్చే ఏదో ఒక తడిలో అది బయటికి వస్తుంది. రేబిస్ అయితే కుక్క చొంగలో, నిఫా అయితే గబ్బిలం లాలాజలంలో, మూత్రంలో, హంటా వైరస్ అయితే ఎలుక మూత్రంలో, పెంటికల్లో. బర్డ్ ఫ్లూ పక్షుల రెట్టలోనూ ముక్కు స్రావాల్లోనూ ఉంటుంది. ఎబోలా రక్తంలో, వాంతిలో, విరేచనంలో ఉంటుంది. ఒక్కోసారి ఆ తడి ఎండి దుమ్మవుతుంది, దుమ్ము లేచి ముక్కులోకి పోతుంది. ఒక్కోసారి దోమో పిడుదో దాన్ని ఒక ఒంట్లోంచి పీల్చి మరో ఒంట్లో పెడుతుంది.

కాబట్టి ఏ జంతువు దగ్గరికి వెళ్లినా, ఏ జంతువు మీ దగ్గరికి వచ్చినా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇక్కడ ఏ తడి ఉంది? అది నా ఒంట్లోకి ఎటు నుంచి పోగలదు? రెండో ప్రశ్నకు జవాబులు కొన్నే: కళ్లు, ముక్కు, నోరు, చర్మం మీద తెగిన చోటు. తెగని చర్మం వీటిలో చాలా వైరస్‌లకు గోడలాంటిది.

వైరస్ దాటాల్సిన గడపలు రెండని కూడా గుర్తుంచుకోండి. జంతువు నుంచి మనిషికి ఒకటి, మనిషి నుంచి మనిషికి రెండోది. రేబిస్ మొదటి గడప దాటి అక్కడే ఆగుతుంది. అవయవ మార్పిడి లాంటి అరుదైన సందర్భాల్లో తప్ప రోగి నుంచి మరొకరికి అంటినట్టు నిర్ధారణ కాలేదు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ కూడా అంతే, మనిషి రక్తంలో దోమకు తిరిగి అంటేంత వైరస్ ఉండదు. ఎబోలా, నిఫా, సార్స్ (ఊపిరితిత్తులకు సోకే ఒక కరోనా వైరస్ జబ్బు), కోవిడ్ రెండో గడప కూడా దాటాయి. మొదటి గడప దగ్గర చేయాల్సిన పని వేరు, రెండో గడప దగ్గర పని వేరు. ముందు మొదటిదాని సంగతి చూద్దాం.

రేబిస్, నిఫా, ఎబోలా, ఫ్లూ, కరోనా, హంటా, ఈ వైరస్‌లన్నిటికీ ఒక ఉమ్మడి బలహీనత ఉంది. వాటి పైపొర కొవ్వుతో చేసినది. సబ్బు ఆ పొరను చీల్చేస్తుంది, పొర చిరిగిన వైరస్ పనికిరాకుండా పోతుంది. మూలనున్న సబ్బుబిళ్లను మందుబీరువాలో పెట్టాల్సిన వస్తువుగా చూడటం నేను నేర్చుకున్నది ఈ ఒక్క విషయం తెలిశాకే.

కరిచినా గీరినా: మొదటి పదిహేను నిమిషాలు

మొత్తంలో మీకు ఎక్కువగా ఎదురయ్యే సందర్భం ఇదే. ప్రపంచంలో రేబిస్‌తో ఏటా దాదాపు 59,000 మంది చనిపోతున్నారని అంచనా. మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం కుక్క కాటు వల్లే. లక్షణాలు మొదలయ్యాక బతికినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. లక్షణాలు మొదలవకముందు సరిగ్గా చికిత్స తీసుకుంటే దాదాపు అందరూ బతుకుతారు. ఒక జబ్బుకు ఇంత పెద్ద తేడా ఒక్క గీత దగ్గర ఉండటం వైద్యంలో అరుదు.

గాయాన్ని కుళాయి కింద పెట్టండి. నీళ్లు ధారగా పడాలి. సబ్బు నురుగు గాయం లోపలికి వెళ్లేలా వేలితో మెల్లగా రుద్దండి. పళ్లు దిగిన చోట రంధ్రం పైకి చిన్నగా కనిపించినా లోపల లోతుంటుంది, కాబట్టి అంచుల్ని కొద్దిగా విడదీసి నీళ్లు లోపలికి పోనివ్వండి. గడియారం చూసుకోండి, పదిహేను నిమిషాలు. రెండు నిమిషాలకే చాలనిపిస్తుంది, నొప్పి పెడుతుంది, పక్కనున్నవాళ్లు ఆసుపత్రికి పద పద అని తొందరపెడతారు. ఆగండి. వైరస్ నరాన్ని అందుకోకముందే దాని సంఖ్య తగ్గించే అవకాశం ఈ పావుగంటలోనే ఎక్కువ. కడిగాక పోవిడోన్ అయోడిన్ అనే క్రిమినాశక మందు ఉంటే రాయండి. కారం, పసర్లు, ఆమ్లం, కాల్చడం లాంటివి ఏవీ వద్దు. అవి కండను పాడుచేసి వైరస్‌కు నరాల దారి సులువు చేస్తాయి. కట్టు బిగించకండి. కుట్లు వేయించాలని తొందరపడకండి. కుట్టక తప్పని గాయమైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే, ముందే తయారై ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) ఇచ్చాకే కుడతారు.

తర్వాత ఆసుపత్రి. అక్కడ డాక్టరు గాయాన్ని మూడు తరగతుల్లో ఒకదానిలో వేస్తారు. మీకూ తెలిసి ఉంటే మంచిది. జంతువును తాకినా, మేత పెట్టినా, తెగని చర్మాన్ని అది నాకినా మొదటి తరగతి. దానికి కడుక్కుంటే చాలు, టీకా అక్కర్లేదు. పళ్లతో నొక్కినా, రక్తం రాకుండా గీరినా రెండోది. దానికి టీకా కావాలి. చర్మం చీలి రక్తం వచ్చినా, తెగిన చోటును లేదా కళ్లు, నోటి పొరను చొంగ తాకినా, గబ్బిలంతో నేరుగా తాకిడి జరిగినా మూడోది. దానికి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా గాయం లోపలా చుట్టూ ఎక్కించాలి. టీకా ఒంట్లో రక్షణ తయారుచేయడానికి రోజులు పడుతుంది. ఆ లోపు గాయం దగ్గర కాపలా కాసేది ఇమ్యునోగ్లోబ్యులినే. మొదటి రోజు అందకపోతే మొదటి టీకా వేసిన ఏడు రోజుల లోపు ఇవ్వవచ్చు. మూడో తరగతి గాయానికి టీకా మాత్రమే వేసి పంపేస్తుంటే, ఇమ్యునోగ్లోబ్యులిన్ సంగతేమిటని మీరే అడగండి. అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

టీకా మోతాదుల సంఖ్య, తేదీలు పద్ధతిని బట్టి మారుతాయి. మీ చీటీ మీద రాసిన తేదీలన్నీ పూర్తిచేయడమే మీ వంతు. రెండో మోతాదు తర్వాత గాయం మానిపోయి అందరూ మరిచిపోయేది ఇక్కడే. గాయం మానడానికీ వైరస్‌కూ సంబంధం లేదు. అది సాధారణంగా రెండు మూడు నెలల పాటు నరాల వెంట మెల్లగా మెదడు వైపు వెళుతూ ఉంటుంది, ఒక్కోసారి వారంలోనే చేరుతుంది, ఒక్కోసారి ఏడాది పడుతుంది. అందుకే కరిచి నెల గడిచినా ఇప్పుడేం లాభం అనుకోకుండా వెళ్లి టీకా మొదలుపెట్టాలి.

కరిచిన కుక్కను చంపకండి. అది కళ్ల ముందు ఉంటే పది రోజులు గమనించాలి. చొంగలో వైరస్ వదిలే దశకు చేరిన కుక్క ఆ పది రోజుల్లో జబ్బు పడి చనిపోతుంది. పది రోజుల తర్వాతా ఆరోగ్యంగా ఉంటే, కరిచిన రోజున దాని చొంగలో రేబిస్ లేదన్నట్టే. అయితే ఆ పది రోజులూ టీకా ఆపి ఎదురుచూడకూడదు. కుక్క ఆరోగ్యంగా మిగిలితే మిగతా మోతాదులు ఆపాలా వద్దా అన్నది డాక్టరు చూసుకుంటారు. గబ్బిలం విషయంలో ఇంకో చిక్కుంది. దాని పళ్లు ఎంత సన్నగా ఉంటాయంటే కాటు కంటికి కనిపించకపోవచ్చు. నిద్ర లేచేసరికి గదిలో గబ్బిలం ఉంటే, కరవలేదని మీకు మీరే తీర్పు చెప్పుకోకుండా డాక్టరుకు చెప్పండి.

ఎలుకలు తిరిగిన గదిని ఊడవకండి

నెలల తరబడి మూసి ఉన్న గది తలుపు తెరుస్తాం, మూలల్లో నల్లటి గింజల్లాంటి పెంటికలు కనిపిస్తాయి, చీపురు అందుకుంటాం. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. హంటా వైరస్ కోరుకునేది సరిగ్గా ఆ పొడి చీపురునే. ఎండిన మూత్రం, పెంటిక దుమ్మై లేచి ఊపిరితిత్తుల్లోకి నేరుగా వెళుతుంది. 1993లో అమెరికా నైరుతి ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్న యువకులు ఊపిరాడక రోజుల్లోనే చనిపోయినప్పుడు కారణం ఇదే. ఆ ముందు వానలు, మంచు బాగా పడి మొక్కలు విరగకాశాయి, తిండి దొరికి ఎలుకలు పెరిగిపోయాయి, ఇళ్లలోకి వచ్చాయి.

ముందు తలుపులు, కిటికీలు తెరిచి అరగంట బయటికి వెళ్లిపోండి. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోండి. ఇంట్లో వాడే బ్లీచ్ ద్రావణం ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు కలపండి. ఇలా కలిపితే క్లోరిన్ దాదాపు 0.5 శాతం వస్తుంది, ఇదే పాళ్లు తర్వాత ఇంకో చోట కూడా పనికొస్తాయి. పెంటికల మీద ఆ నీళ్లు పూర్తిగా తడిసేలా పోయండి. గట్టిగా చిమ్మితే దుమ్ము లేస్తుంది, కాబట్టి పక్క నుంచి మెల్లగా ఒలికించండి. ఐదు నిమిషాలు నాననివ్వండి. పారేసే కాగితంతోనో గుడ్డతోనో ఎత్తి సంచిలో వేసి, మూతి కట్టి, ఆ సంచిని ఇంకో సంచిలో పెట్టండి. చుట్టుపక్కల నేల కూడా అదే నీళ్లతో తుడవండి. వ్యాక్యూమ్ క్లీనర్ అసలు వద్దు, అది దుమ్మును మరింత సన్నగా చేసి గదంతా చల్లుతుంది. బ్లీచ్‌ను అమ్మోనియాతో గానీ, ఆమ్లం ఉన్న శుభ్రపరిచే మందులతో గానీ కలపకండి. కలిస్తే విషవాయువు వస్తుంది. వైరస్ నుంచి తప్పించుకుని దానికి దొరికిపోవడం ఎందుకు?

ఆ తర్వాత ఎలుకలు మళ్లీ రాకుండా కన్నాలు పూడ్చాలి. ధాన్యాన్ని గట్టి మూతలున్న డబ్బాల్లో పెట్టాలి. పశ్చిమ ఆఫ్రికాలో లాసా జ్వరానికి అన్నిటికంటే మొదట చెప్పే జాగ్రత్త ఇదే, ఎందుకంటే అక్కడి ఎలుక వచ్చేది మనిషి కోసం కాదు, ధాన్యం కోసం.

పిడుదును లాగే పద్ధతి

గడ్డిలోనో అడవిలోనో తిరిగి వచ్చాక, పశువులతో పని చేశాక ఒళ్లంతా చూసుకోండి. చంకలు, గజ్జలు, మోకాలి వెనక, చెవి వెనక, జుట్టు మొదళ్లు. పిడుదు కనిపిస్తే సన్న మొన ఉన్న పట్టకారుతో చర్మానికి ఆనుకునేంత దగ్గరగా దాని తల భాగాన్ని పట్టుకుని, తిప్పకుండా, కుదపకుండా నిటారుగా పైకి లాగండి. నూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం పనికిరావు. అలా చేస్తే అది తన లోపలి ద్రవాన్ని గాయంలోకే వదిలే ప్రమాదం ఉంది. పొట్ట పట్టుకుని నొక్కినా అంతే. లాగిన దాన్ని గోళ్ల మధ్య చిదమకండి, దాని రక్తం ద్వారా క్రిమియన్ కాంగో రక్తస్రావ జ్వరం అంటుతుంది. చోటును సబ్బుతో కడగండి, తేదీ రాసి పెట్టుకోండి.

జబ్బు జంతువు, చచ్చిన జంతువు

జంతువుల్లో మరణాలు చాలాసార్లు మనుషుల్లో జబ్బుకు ముందు మోగే గంట. 1957లో కర్ణాటకలోని క్యాసనూర్ అడవిలో కోతులు వరుసగా చచ్చిపోయాయి, ఆ చుట్టుపక్కల మనుషులకు రక్తస్రావ జ్వరం వచ్చింది. ఆ జ్వరానికి అడవి పేరే మిగిలింది. 1994లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో గుర్రాలు చచ్చిపోయాక, వాటికి సేవ చేసిన శిక్షకుడూ చనిపోయాడు. హెండ్రా వైరస్ బయటపడింది అలాగే. ఆఫ్రికాలో రిఫ్ట్ వ్యాలీ జ్వరం వస్తోందనడానికి తొలి గుర్తు, మందలో గొర్రెలు, ఆవులు ఒకేసారి గుంపుగా ఈసుకుపోవడం, అంటే వాటికి గర్భం పోవడం.

కాబట్టి ఒకేచోట పక్షులో, కోతులో, గబ్బిలాలో, పశువులో గుట్టగా చచ్చి కనిపిస్తే తాకకుండా పశువైద్య శాఖకు చెప్పండి. ఫొటో తీయవచ్చు, కాలితో కదపడం వద్దు. జబ్బు జంతువును కోసి మాంసం చేసుకోవడం అన్నిటికంటే ప్రమాదకరమైన పని. వండిన ముద్ద కంటే కోసే చేతికే ముప్పు ఎక్కువ, ఎందుకంటే వేడి తగలకముందు రక్తమంతా ఆ చేతి మీదే ఉంటుంది. పెంచే జంతువు జబ్బుపడితే దాన్ని మందనుంచి విడదీయండి. ఈతకు సాయం చేసేటప్పుడు, మాయ తీసేటప్పుడు తొడుగులు తప్పనిసరి. ఆ సమయంలో వచ్చే ద్రవాల్లో వైరస్ విపరీతంగా ఉండవచ్చు. పనికి వేసుకున్న బట్టలు, చెప్పులు ఇంట్లోకి రానివ్వకండి.

తిండి సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. మాంసం, గుడ్డు లోపలి భాగం కూడా 70 డిగ్రీల సెల్సియస్ చేరేదాకా ఉడికితే బర్డ్ ఫ్లూ వైరస్ చచ్చిపోతుంది. 2024లో అమెరికాలో పాడి ఆవులకు కూడా ఆ వైరస్ సోకి పాలలో కనిపించింది. పాశ్చరైజ్ చేసిన పాలలో అది బతకదు, పచ్చి పాలలో బతికే ఉంటుంది. గబ్బిలం కొరికిన పండును కొరికిన మేరకు కోసి మిగతాది తినడం వద్దు, మొత్తం పారేయండి. బంగ్లాదేశ్‌లో నిఫా ఎక్కువగా వచ్చింది రాత్రంతా చెట్టుకు వేలాడే కుండల్లోకి ఊరే పచ్చి ఖర్జూర రసం వల్ల. గబ్బిలాలు ఆ ధారను నాకుతాయి, కుండలో మూత్రం పోస్తాయి. చెట్టుకు చెక్కిన చోట వెదురు తడిక కట్టి గబ్బిలం నోరు అందకుండా చేయడం అక్కడ పరీక్షించి చూసిన ఉపాయం. తడిని గుర్తించి దారి మూయడమంటే ఇదే. గబ్బిలాల్ని చంపాల్సిన పని లేదు. చంపబోతే అవి చెదిరి కొత్త చోట్లకు పోతాయి, వైరస్‌నూ వెంట తీసుకుపోతాయి.

అడవి జంతువుల్ని ముచ్చటపడి పెంచుకోవద్దు. 2003లో ఘనా నుంచి అమెరికాకు తెచ్చిన ఎలుకల పక్కన ఉంచిన ప్రయరీ డాగ్ అనే చిన్న జంతువులకు ఎంపాక్స్ (మంకీపాక్స్) అంటింది, వాటిని పెంపుడు జంతువులుగా కొన్నవాళ్లకు, తాకినవాళ్లకు కలిపి 47 మందికి సోకింది. ముద్దుగా ఉండటం ఆరోగ్య పత్రం కాదు.

జ్వరం వస్తే: డాక్టరు అడగకపోయినా చెప్పండి

ఇక రెండో గడప. వీటిలో చాలా జబ్బులు మొదటి మూడు నాలుగు రోజులు మామూలు జ్వరంలాగే ఉంటాయి. జ్వరం, ఒళ్లునొప్పులు, తలనొప్పి, కొందరికి వాంతులు. ఎంత తెలివైన డాక్టరైనా ముఖం చూసి పసిగట్టలేరు. ఆయనకు దారి చూపేది మీరిచ్చే సమాచారమే.

2015లో మధ్యప్రాచ్యం నుంచి దక్షిణ కొరియాకు తిరిగి వచ్చిన ఒక ప్రయాణికుడు జ్వరంతో పలు ఆసుపత్రులు తిరిగాడు. మెర్స్ అనే మరో కరోనా వైరస్ జబ్బు అని తేలేలోపు ఎందరి మధ్యనో కూర్చున్నాడు, పడుకున్నాడు. ఆ ఒక్కరితో మొదలై మొత్తం 186 మందికి సోకింది, 38 మంది చనిపోయారు. దాదాపు అంతా ఆసుపత్రుల లోపలే జరిగింది. ఆయన్ని తప్పుపట్టడం సులువు. జ్వరం వచ్చిన మనిషి ఆసుపత్రికి కాక ఎక్కడికి పోతాడు?

వెళ్లే ముందు ఫోను చేయండి. మాస్కు వేసుకుని వెళ్లండి. ఒక కాగితం మీద ఇవి రాసుకుని ఇవ్వండి: గత మూడు వారాల్లో ఏ జంతువును తాకారు, కోశారు, శుభ్రం చేశారు, ఏది కరిచింది, ఏది గీరింది (కరవడం, గీరడం వరకు మాత్రం ఏడాది వెనక్కి వెళ్లండి), ఎలుకల గది, గబ్బిలాల గుహ, పశువుల సంత లాంటి చోట్లకు వెళ్లారా, ఏ ఊర్లకు, దేశాలకు ప్రయాణించారు, మీ చుట్టూ ఇలాంటి జ్వరంతో ఎవరైనా ఉన్నారా, చనిపోయారా, జ్వరం మొదలైన తేదీ. మాటల్లో చెబితే సగం మరిచిపోతాం, కాగితమైతే డాక్టరు మారినా కేసు షీటులో ఉంటుంది. ‘కుక్కపిల్లే కదా, చిన్న గీరే కదా’ అని వదిలేసే వాక్యమే చాలాసార్లు అసలు వాక్యం.

కొత్తగా వచ్చిన తికమక, మాట తడబాటు, మూర్ఛ, ఊపిరాడకపోవడం, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, వీటిలో ఏది కనిపించినా రేపటిదాకా ఆగవద్దు. నీళ్లు చూస్తే గొంతు పట్టేయడం, గాలి తగిలితే ఉలిక్కిపడటం రేబిస్ లక్షణాలు.

ఇంట్లో రోగి ఉంటే

ఎబోలా, మార్‌బర్గ్, నిఫా లాంటివాటి అనుమానం ఉంటే ఇంట్లో సేవ చేయాలనుకోవద్దు. ప్రేమ ఎక్కువున్నవాళ్లకే ఇవి ఎక్కువ అంటుతాయి, ఎందుకంటే వాంతి ఎత్తేదీ, ఒళ్లు తుడిచేదీ వాళ్లే. 2001లో పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురిలో నిఫా వచ్చినప్పుడు సోకినవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది ఆసుపత్రి సిబ్బంది, చూడటానికి వచ్చినవాళ్లే. శిక్షణ ఉన్నవాళ్ల సంగతే అలా ఉంటే మన సంగతేమిటి? ఆరోగ్య సిబ్బందికి ఫోను చేయండి. వాళ్లు వచ్చేదాకా రోగిని ఒక గదిలో ఉంచి, ఒక్కరే, అదీ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లే దగ్గరుండండి. కిటికీలు తెరవండి, రోగికీ మీకూ మాస్కు ఉండాలి. గిన్నె, గ్లాసు, తువ్వాలు, మరుగుదొడ్డి విడిగా ఉండాలి. వాంతి నేల మీద పడితే తొడుగులు వేసుకుని దాని మీద గుడ్డ కప్పి, ఇందాకటి 0.5 శాతం క్లోరిన్ నీళ్లు పోసి, కనీసం పావుగంట ఆగి తీయండి.

తొడుగు వేసుకోవడం కంటే తీయడమే ముఖ్యం. తీసేటప్పుడు అంటించుకున్నవాళ్లు చాలామంది. ఒక చేతి తొడుగును మణికట్టు దగ్గర బయటి వైపు చిటికెడు పట్టుకుని, లోపలి భాగం పైకి వచ్చేలా తిరగేస్తూ లాగండి. ఊడిన దాన్ని ఇంకా తొడుగున్న చేతి పిడికిట్లో ముద్దగా పట్టుకోండి. ఇప్పుడు ఖాళీ చేతి వేలిని రెండో తొడుగు అంచు లోపలికి, చర్మం వైపు నుంచి దూర్చి అలాగే తిరగేయండి. మొదటిది రెండోదాని లోపల చిక్కి సంచిలా వస్తుంది, తడి వైపంతా లోపలే ఉంటుంది. చేతులు కడగండి. అప్పుడు మాస్కు ముందు భాగం ముట్టకుండా చెవుల దగ్గరి తాళ్లు పట్టుకుని తీయండి. మళ్లీ చేతులు కడగండి. ఈ వరుసను ఆరోగ్యంగా ఉన్న రోజునే రెండుసార్లు ఆడుకుని చూడండి, వేళ్లకు రంగు పూసుకుని తీస్తే ఎక్కడ అంటుకుంటోందో తెలిసిపోతుంది.

ఎవరైనా చనిపోతే శరీరాన్ని మీరు కడగవద్దు, హత్తుకోవద్దు. ఎబోలాలో ప్రాణం పోయాక కూడా శరీరం మీద వైరస్ ఎక్కువగానే ఉంటుంది. 2014 నుంచి 2016 దాకా పశ్చిమ ఆఫ్రికాలో 28,600 మందికి పైగా సోకి, 11,300 మందికి పైగా చనిపోయిన ఆ విపత్తులో అంత్యక్రియలు పెద్ద దారి అయ్యాయి. కుటుంబాన్ని దూరంగా తోసేసినంత కాలం జనం శవాల్ని దాచారు. కుటుంబం చూస్తుండగా, ప్రార్థన చేసుకోనిస్తూ, రక్షణ దుస్తుల్లో ఉన్నవాళ్లు గౌరవంగా పూడ్చడం మొదలుపెట్టాక దాచడం తగ్గింది. మీ ఊళ్లో ఎప్పుడైనా అలాంటి అవసరం వస్తే సిబ్బందితో పోట్లాడకుండా, ఏ ఏ విధులు దూరం నుంచి చేయనిస్తారో అడగండి.

పేర్లు, తేదీలు రాయండి

రోగితో కలిసినవాళ్ల జాబితా పోలీసు పని అనిపిస్తుంది గానీ, దాన్ని అందరికంటే బాగా రాయగలిగేది ఇంట్లోవాళ్లే. జ్వరం మొదలైన రోజు నుంచి రాయండి. ఎవరు, ఎప్పుడు, ఎంతసేపు, ఎంత దగ్గరగా: పక్కనే పడుకున్నారా, తినిపించారా, గుమ్మంలో నిలబడి పలకరించారా. ప్రతి పేరు పక్కనా చివరిసారి కలిసిన తేదీ వేయండి. ఎబోలాకు ఆ తేదీ నుంచి 21 రోజుల పాటు పొద్దునా సాయంత్రం జ్వరం చూసుకోవాలి, ఎందుకంటే లక్షణాలు బయటపడటానికి పట్టే గరిష్ఠ గడువు అదే. మెర్స్‌కు 14 రోజులు. లెక్క మొదలయ్యేది జబ్బు తెలిసిన రోజు నుంచి కాదు, చివరి తాకిడి నుంచి. మధ్యలో మళ్లీ కలిస్తే మళ్లీ ఒకటి నుంచి మొదలు.

ఈ పద్ధతి ఎంత పనిచేస్తుందన్నది వైరస్ ఎప్పుడు అంటడం మొదలుపెడుతుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. 2003లో సార్స్ 8,098 మందికి సోకి 774 మందిని చంపినా ఆగిపోయింది. ఆ రోగులు బాగా జబ్బుపడ్డాకే, ముఖ్యంగా రెండో వారంలో, ఇతరులకు ఎక్కువగా అంటించేవారు. జ్వరం ఉన్నవాళ్లను వెతికి విడిగా ఉంచితే సరిపోయింది. ఎబోలా కూడా లక్షణాలు రాకముందు అంటదు. కోవిడ్ మాత్రం జ్వరం రాకముందే, కొందరిలో ఏ లక్షణమూ లేకుండానే అంటింది, అందుకే జ్వరం చూసే యంత్రాలు దాన్ని ఆపలేకపోయాయి. కాబట్టి కొత్త జబ్బేదైనా వినబడితే ముందు అడగాల్సింది ఎంతమంది చనిపోతున్నారని కాదు, లక్షణాలకు ముందే అంటుతోందా అని. అవునంటే, మీకు జ్వరం లేకపోయినా జనం మధ్య మాస్కు వేసుకోవాలి, గాలి ఆడే చోటే కలవాలి.

కోలుకుని ఇంటికి వచ్చినవాళ్లను దూరం పెట్టాల్సిన పని లేదు. కలిసి తినవచ్చు, పక్కన కూర్చోవచ్చు, పనికి పిలవవచ్చు. ఎబోలాకు మాత్రం ఒక మినహాయింపు ఉంది. కోలుకున్న మగవాళ్ల వీర్యంలో వైరస్ నెలల తరబడి, కొందరిలో ఏడాదికి పైగా ఉండవచ్చు. అందుకని వీర్య పరీక్షలో వరుసగా రెండుసార్లు వైరస్ లేదని తేలేదాకా కండోమ్ వాడాలి, ఆ పరీక్షల తేదీలు కూడా ఆ జాబితాతో పాటే రాసుకోవాలి.